లోకపు పాటలో సంఘపు గొంతు

చదువవలసిన వేదభాగములు: నిర్గమకాండము 15:20, 21, దానియేలు 3:1-18, కీర్తన 150, యెషయా 5:11, 12, ఆమోసు 5:21-24, 1 కొరింథీయులకు 8వ అధ్యాయము.



దర్శి, పొదిలి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలోని మన పల్లె సంఘములలో నేడొక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. యౌవనస్థులు క్రిస్మసు కూటములకు కీబోర్డును, రిథమ్ ప్యాడును తెచ్చి, పాట నడుమ మాటలను తాళమునకు సరిగా గబగబ పలుకు ర్యాప్ అను పద్ధతిని చేర్చుచున్నారు. ఇది లోకపు మోత, దేవుని మందిరములో తగదని పెద్దలందురు. మా నోటికి వచ్చిన రీతిని మేము దేవుని స్తుతింపకూడదా అని యౌవనస్థులడుగుదురు. ఇరుపక్షములవారును ప్రభువును ప్రేమించువారే. అయినను ఈ తగవు ముదిరిన చోట యౌవనస్థులు గుడి వెలుపల గోడప్రక్కను నిలుచుటయు, పెద్దలు లోపల ఖాళీగానున్న చాపలవైపు చూచి నిట్టూర్చుటయు జరుగుచున్నది. కోపముతో తీర్పు తీర్చుటకంటె, వాక్యపు వెలుగులో విచారించుట మేలు. కావున ఈ నెల పాఠములో దూరదేశపు పాట నొకదానిని, మన ప్రాంతపు పాత సంగతి నొకదానిని ప్రక్కప్రక్కను పెట్టి చూతము.

1. ఒక పాట కథ

హిప్ హాప్ అను సంగీతము అమెరికాలోని న్యూయార్కు పట్టణమున, బ్రాంక్స్ అను బీదల పేటలో పుట్టెను. 1973 ఆగస్టు 11వ తేదీన అచ్చట ఒక వేడుక జరిగెను. జమైకా ద్వీపమునుండి వచ్చిన కుటుంబములోని పదునెనిమిదేండ్ల యువకుడు, కూల్ హెర్క్ అను పేరుతో ప్రసిద్ధుడైనవాడు, ఆ వేడుకలో పాటల రికార్డులను వేసెను. పాటలో మద్దెల మాత్రమే మ్రోగు చోటు వచ్చినప్పుడు జనులు ఉత్సాహముతో ఆడుట అతడు గమనించెను. ఒకే రికార్డును రెండు యంత్రములపై నుంచి, ఆ చోటునే మరల మరల మ్రోగించుట అతని ఉపాయము. ఆ మద్దెల మోతమీద మాటలను లయతో పలుకుటయే క్రమముగా ర్యాప్ ఆయెను. వాద్యములు కొనలేని బీదల బిడ్డలు పాత రికార్డులనే వాద్యములుగా చేసికొనిరన్నమాట. పాత పాటలోని తునకను తీసికొని క్రొత్త పాటకు పునాదిగా వేయుటను శాంపిల్ అందురు.

2004లో కాన్యే వెస్ట్ అను గాయకుడు ఈ రీతిగా ఒక పాట చేసెను. దాని పేరు "జీసస్ వాక్స్", అనగా యేసు నడచుచున్నాడు అని అర్థము. దాని పునాదియందున్న తునక ఒక గాయక బృందము 1997లో పాడినది. ఆ బృందమువారు హార్లెం పేటలో మత్తుమందుల బానిసలను బాగుచేయు ఆశ్రమమునకు చెందినవారు. పేరుపొందిన విద్వాంసులు కారు. సూదికిని మత్తునకును దాసులై, ఇంటివారిచేత విడువబడి, మరల మనుష్యులగుటకు ప్రయాసపడుచున్నవారు. నాతోకూడ నడువుమని యేసును వేడుకొను ఒక పాత దాసుల పాటను వారు పాడిరి. కాన్యే వెస్ట్ ఆ గొంతులను తన పాట యడుగున నుంచి, సైన్యము కవాతు చేయునట్టి మద్దెల దానికి జోడించెను. పైమాటలలో అతడు చెప్పిన సంగతి యేమనగా, దేవునితో మాటలాడి చాలకాలమైనందున ఇప్పుడు మాటలాడుటకు భయముగానున్నదనియు, దొంగ బ్రదుకు బ్రదుకువారితోకూడ యేసు నడచుననియు, ఆయన పేరెత్తిన పాటను రేడియోవారు వేయరనియు.

అయితే ఆ పాటను రేడియోవారు వేసిరి. 2005లో దానికి ఉత్తమ ర్యాప్ పాటయని గ్రామీ బహుమానము కలిగెను. అందులో మన నోట పలుకరాని మోటు మాటలును కలవు. సువార్త సంగీతమునకిచ్చు స్టెల్లర్ బహుమానముల విషయములో దాని పేరు వచ్చినప్పుడు అభ్యంతరములు లేచి, దానిని తొలగించిరి. చూచితిరా, దర్శి ప్రాంతములో మనకున్న తగవే అక్కడను పుట్టినది. లోకులు యేసు పేరు విని ఆశ్చర్యపడిరి. సంఘస్థులు లోకపు మద్దెల విని సంకోచించిరి.

2. ఆ గొంతు ఎక్కడిది?

ఆ గాయక బృందపు పాటకు వేరు చాల లోతైనది. ఆఫ్రికానుండి నల్లవారిని బందీలుగా పట్టి తెచ్చి, అమెరికాలోని తోటలలో దాసులుగా అమ్మిరి. 1739లో దక్షిణ కరొలైనాలో ఆ దాసులు తిరుగబడిరి. మద్దెల మ్రోగించి ఒకరినొకరు పిలుచుకొందురని దొరలు భయపడి, 1740లో చేసిన చట్టములో దాసులు మద్దెలలు వాయింపకుండ నిషేధించిరి. చేతిలోని వాద్యమును తీసివేయగా, ఆ జనులు చేతులు చరచిరి, పాదములతో నేలను తట్టిరి, గొంతునే వాద్యముగా చేసికొనిరి. దేవుని వాక్యము వినినప్పుడు ఐగుప్తునుండి విడిపింపబడిన ఇశ్రాయేలీయుల కథ తమ కథయేయని తెలిసికొని, దానిని పాటలుగా పాడిరి.

దాసత్వము ముగిసిన తరువాత, 1871లో నాష్‌విల్ పట్టణములోని ఫిస్క్ విద్యాలయపు విద్యార్థులు కొందరు తమ పాఠశాలకు ద్రవ్యము కూర్చుటకై పాడుచు బయలుదేరిరి. వారిలో పెక్కుమంది దాసులుగా పుట్టినవారే. మొదట వారు తమ తలిదండ్రుల పాటలను పరులయెదుట పాడుటకు సిగ్గుపడిరి. ఆ పాటలే జనుల హృదయములను కరిగించెను. వారు సముద్రము దాటి ఇంగ్లాండునకు పోయి విక్టోరియా రాణి యెదుటకూడ పాడిరి.

తరువాత థామస్ డార్సీ అను నతడు వచ్చెను. అతడు 1899లో జార్జియా రాష్ట్రములో ఒక బాప్టిస్టు ప్రసంగీకుని కుమారుడుగా పుట్టి, యౌవనములో వినోదశాలలలో బ్లూస్ అను లోకపు పాటలకు పియానో వాయించెను. 1932లో అతని భార్య ప్రసవవేదనలో మరణించెను; పుట్టిన శిశువును బ్రదుకలేదు. ఆ దుఃఖములో అతడొక ప్రార్థనా గీతము వ్రాసెను. తానెరిగిన బ్లూస్ రీతినే సువార్త మాటలకు కుదిర్చి, చికాగోలోని పిల్‌గ్రిమ్ బాప్టిస్టు సంఘములో గాయక బృందమును నడిపించెను. ఇది సారాయి దుకాణపు బాణీయని అనేక సంఘములవారు మొదట అతనిని త్రోసిపుచ్చిరి. అయినను ఇరువది ముప్పది యేండ్లలో ఆ పాటలే సంఘపు పాటలైనవి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ భూస్థాపన దినమున, డార్సీ తన దుఃఖములో వ్రాసిన ఆ గీతమునే మహాలియా జాక్సన్ పాడెను.

కావున నేటి పెద్దలు కాపాడవలెనని చూచు పాట నిన్నటి పెద్దలు కాదన్న పాటయై యుండవచ్చును. లోకమునుండి రాగము సంఘములోనికి వచ్చుటయు, సంఘమునుండి గొంతు లోకములోనికి పోవుటయు క్రొత్త సంగతి కాదు.

3. మన ప్రాంతపు సంగతి

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడుడి. పాటల తలమీద రాగము పేరును, తాళము పేరును అచ్చువేయబడియుండును. శంకరాభరణము, మోహన, ఆదితాళము అను మాటలు మనకు వాడుకయే. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) మొదలైన భక్తులు తమ చుట్టునున్నవారు పాడుకొను రాగములనే తీసికొని, వాటిలో క్రీస్తు నామమును నింపిరి. ఆ రాగములు అంతకుముందు మన గుడులలో పుట్టినవి కావు. అయినను ఇప్పుడు ఆ కీర్తనలు లేని ఆరాధన మనకు ఆరాధనగానే తోచదు.

డప్పు సంగతి వేరుగా జరిగెను. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండి సేవ నారంభించిరి. ఆ సంవత్సరమే పడమటి పల్లెయైన తాళ్లకొండపాడునుండి యెర్రగుంట్ల పేరయ్య గారును, వారి భార్య నాగమ్మ గారును వచ్చి బాప్తిస్మము పొందిరి. తోలుపని చేయు మాదిగ సహోదరులు వారి సాక్ష్యము విని గుంపులుగా ప్రభువునొద్దకు వచ్చిరి. 1876 మొదలుకొని 1878 వరకు గొప్ప కరవు కలిగినప్పుడు దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి యిప్పించిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటియొద్ద వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున మారుచు ఆ పని జరిగించిరి. మనలో అనేకుల ముత్తాతలును అవ్వలును ఆ కాలపు జనములోనివారు.

విశ్వసించినవారికి మూడు కట్టుబాట్లు నేర్పబడెను. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. ఈ మూడవ దానిలోనే డప్పు చిక్కుకొనెను. ఊరిలో పోలేరమ్మ కొలుపునకును, అంకమ్మ తిరునాళ్లకును డప్పు కొట్టవలసినవారు మాదిగలే. మేమిక కొట్టమని వారు చెప్పినందున ఊరివారు కోపించిరి. కొన్ని పల్లెలలో నీళ్లు లేకుండ చేసిరి, పని లేకుండ చేసిరి, కొట్టిరి. అయినను వారు డప్పును క్రింద పెట్టిరే గాని, విశ్వాసమును క్రింద పెట్టలేదు.

ఇది గమనింపుడి. అమెరికాలో దొరలు దాసుల చేతులలోనుండి మద్దెలను లాగికొనిరి. మన పెద్దలైతే తమ చేతులారా దానిని దించిరి. డప్పు కొట్టుట వారికి విగ్రహసేవయు, వెట్టిచాకిరియు ఏకమైన కాడి. ఆ కాడిని దించుట వారికి స్వాతంత్ర్యము. కాబట్టి ముసలివారు గుడిలో డప్పు శబ్దము విని ముఖము చిట్లించిన యెడల, వారిని మూఢులని యనకుడి. వారి తాతలు ఆ శబ్దమును విడిచినందుకు దెబ్బలు తినిరి.

4. వాక్యము ఏమి నేర్పుచున్నది?

దానియేలు 3వ అధ్యాయములో రాజు నిలువబెట్టిన బంగారు ప్రతిమయెదుట సాగిలపడుటకు గురుతుగా వాద్యములు మ్రోగెను. వాటిలో పిల్లంగ్రోవి యున్నది. 150వ కీర్తనలో దేవుని స్తుతించుటకు చెప్పబడిన వాద్యములలోకూడ పిల్లనగ్రోవి యున్నది. ఒకే వాద్యము బబులోనులో విగ్రహమునకు మ్రోగెను, యెరూషలేములో దేవునికి మ్రోగెను. షద్రకు, మేషాకు, అబేద్నెగో అనువారు వాద్యములను విరుగగొట్టలేదు. వాటి మోతకు మోకాళ్లు వంచలేదు. మన పెద్దలు చేసినది సరిగా ఇదియే.

ఇక తంబుర సంగతి. ఎఱ్ఱసముద్రము దాటిన తరువాత మిర్యాము తంబుర పట్టుకొనెనని నిర్గమకాండములో చదువుదుము. ఆ మాట చదువగానే తంతులు మీటుచు హరికథలో ఆనుకొను పొడవైన తంబుర మన కన్నులకు కనబడును. హెబ్రీ భాషలో అచ్చట నున్న మాట తోఫ్. అది తంతివాద్యము కాదు. గుండ్రని చట్రమునకు తోలు బిగించి, చేతితో కొట్టు వాద్యము. మన కంజిరకు దగ్గర, డప్పునకు చుట్టము. యెఫ్తా కుమార్తె తండ్రికెదురుగా తెచ్చినదియు, దావీదు జయించి వచ్చినప్పుడు స్త్రీలు వాయించినదియు ఇదియే. అయితే యెషయా 5వ అధ్యాయములో దేవుని పనిని లక్ష్యపెట్టని త్రాగుబోతుల విందులో మ్రోగినదియు ఇదియే. కావున తోలు పాపము చేయలేదు, పరిశుద్ధతయు పొందలేదు. పట్టుకొన్న చేయియు, పాడిన నోరును, వంగిన మోకాలును దేవునియెదుట లెక్క చెప్పవలెను.

దాసత్వమునుండి విడిపింపబడిన జనము మొట్టమొదట పాడిన పాటకు తోడు వచ్చినది తోలువాద్యమే. తరతరములుగా తోలుపని చేసిన కుటుంబములవారు ఈ సంగతి విని సిగ్గుపడవలసినది లేదు. విగ్రహమునకు కొట్టము అను మనస్సాక్షి వేరు; డప్పు కనబడినయెడల మన కులము తెలిసిపోవునను సిగ్గు వేరు. మొదటిది విశ్వాసము. రెండవది పరులు మనమీద వేసిన బరువు; దానిని గుడిలోనికి మోసికొని రానక్కరలేదు.

5. మూడు పరీక్షలు

ఏ పాటనైనను, పాతదైనను క్రొత్తదైనను, ఈ మూటిచేత పరీక్షింపవచ్చును.

మొదటిది, ఇది ఎవరికొరకు? పాట ముగిసినప్పుడు కూడియున్నవారు దేవుని తలంచుకొందురా, పాడినవాని తలవెండ్రుకలను, ఉడుపులను తలంచుకొందురా? ఈ ప్రశ్న ర్యాప్ పాడు యువకునికే కాదు, రాగము సాగదీసి కీర్తన పాడు పెద్దకును చెందును.

రెండవది, మాటలు తెలియుచున్నవా, నిజమైనవా? పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో ఆత్మతోను మనస్సుతోను పాడవలెనని నేర్పెను. ర్యాప్‌లో మాటలు అధికము. అది మంచిదే, ఒక ఉపమానమునంతటిని అందులో చెప్పవచ్చును. కాని మైకు మ్రోతలో ఒక్క మాటయు వినబడనియెడల, ముందు వరుసలోని అవ్వకు అది అన్యభాషయే. మోటు మాటను ప్రక్కనున్న మంచి మాట శుద్ధిచేయదు. ఇందులో ఎనిమిదవ ఆజ్ఞయు కలదు. ఆ అమెరికా పాటలో గాయక బృందపు తునక వాడుకొన్నందుకు, ఆ రికార్డును నడిపిన కర్టిస్ లండీ పేరు రచయితల పట్టీలో చేర్చిరి. మనవారు ఇతరుల పాటను, బాణీని తీసికొని తమదని చెప్పుకొనుట తగదు. దేవుని పాటయైనను దొంగిలించినయెడల దొంగతనమే.

మూడవది, బ్రదుకు పాటతో ఏకీభవించుచున్నదా? ఆమోసు కాలములో పాటలకు కొదువలేదు. న్యాయమునకు కొదువ కలిగెను. అందుచేత దేవుడు వారి స్వరమండల నాదమును వినుటకు ఇష్టపడలేదు. "జీసస్ వాక్స్" పాడిన గాయకుని చరిత్రయు మనకు హెచ్చరికయే. అతడు 2019లో ఆదివారపు ఆరాధన గాయక బృందమును ఏర్పరచి, సువార్త పాటల సంపుటమును వెలువరించెను. 2022లో యూదులను ద్వేషించు మాటలు బహిరంగముగా పలికెను; అడిడాస్ కంపెనీవారు అతనితో ఒప్పందము తెంచుకొనిరి. ప్రభువు శరీరరీతిగా పుట్టిన జనమును దూషించి ప్రభువు పేరు పాడుట ఎట్లు పొసగును? బిలాము నోటినుండి మంచి దీవెన వచ్చెను గాని, ఆ దీవెన బిలామును మంచివానిగా చేయలేదు. కావున పాట బాగున్నదని పాడినవానిని గురువుగా చేసికొనకుడి. పాడినవాడు పడిపోయెనని, ఆ పాట యడుగున నాతో నడువుమని వేడుకొనిన ఆ పేరులేని బీదల ప్రార్థనను తృణీకరింపకుడి. ఆ గొంతులు వారివి. ఆ ప్రార్థన వారిది. ప్రభువు దానిని వినెను.

6. మన సంఘములలో ఏమి చేయవలెను?

కొరింథు సంఘములో విగ్రహములకర్పించిన మాంసమునుగూర్చి తగవు పుట్టినప్పుడు, విగ్రహము వట్టిదని పౌలు ఒప్పుకొనెను. అయినను బలహీనుడైన సహోదరునికి అభ్యంతరము కలుగునట్లయితే తాను మాంసము మానుదుననెను. ఈ మాట యౌవనస్థులకు కడియము. నాకు స్వాతంత్ర్యమున్నదని తాత కన్నీళ్లమీద డప్పు కొట్టకుడి. ముందుగా ఆ తాతనొద్ద కూర్చుండి, ఆయన డప్పు ఎందుకు విడిచెనో అడిగి తెలిసికొనుడి. తెలిసికొన్న తరువాత కొట్టు డప్పు వేరుగా మ్రోగును.

పెద్దలకును ఒక మాట. బలహీనుని మనస్సాక్షిని కాపాడవలెనని చెప్పిన పౌలే, అదే పత్రిక 9వ అధ్యాయములో కొందరినైనను రక్షించుటకు అందరికి అన్నివిధములైనవాడనైతినని చెప్పెను. మన పల్లెలలో మత్తుపానీయముచేత చెడిన యిండ్లు ఎన్ని లేవు? పట్టణములకు కూలికిపోయి, చేతి ఫోనులో పాటలే తోడుగా బ్రదుకు బిడ్డలు ఎందరు లేరు? వారి చెవికి చేరు పాట వ్రాయగలవారు మన గోడప్రక్కను నిలుచున్న ఈ యౌవనస్థులే. వారిని లోపలికి పిలువుడి. ఆదివారపు ఆరాధనలో కీర్తన నిలిచియుండనీయుడి. సాయంకాలపు కూటములలోను, వీధి సువార్తలోను క్రొత్త రీతికి చోటియ్యుడి. వారు వ్రాసిన మాటలను ముందుగా కాపరి చదివి, వాక్యముతో సరిచూచి దిద్దవలెను. డప్పు వాయించి జీవించు సహోదరుడెవడైనను గుడికి వచ్చినయెడల, అతని వాద్యము వాకిట నుంచుమని చెప్పుటకు ముందు, అతని పేరడిగి లోపల కూర్చుండబెట్టుడి.

హార్లెం పేటలోని ఆ బానిసలు పాడినది ఒక్క కోరిక. ప్రభువు తమతోకూడ నడువవలెను. ఆయన నడుచుటకు శంకరాభరణముగాని, డప్పు దరువుగాని, ర్యాప్‌గాని అడ్డము కాదు. మనమొకరినొకరు విడిచి నడచుటయే అడ్డము.

కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. మీ సంఘములోని పెద్దలలో డప్పు విడిచిన కుటుంబముల కథ తెలిసినవారెవరు? దానిని బిడ్డలకు ఎవరైనను చెప్పిరా?

2. దానియేలు 3వ అధ్యాయములోని వాద్యములకును, 150వ కీర్తనలోని వాద్యములకును భేదము ఎక్కడనున్నది?

3. మీరు ఎక్కువగా పాడు ఒక పాత కీర్తనను, ఒక క్రొత్త పాటను తీసికొని, పైని చెప్పిన మూడు పరీక్షలచేత చూడుడి. ఏది ఎక్కడ తప్పిపోవుచున్నది?

4. ఈ నెలలో మీ సంఘమునుండి దూరమైన ఒక యౌవనస్థుని లోపలికి పిలుచుటకు ఎవరు పోవుదురు?